బాజాల బాకీ

"నా సమితిలో ఇకమీదట ఏ బాకీదారుడికీ తలుపు చాటున దాక్కునే ఖర్మ ఉండదు!" అని మా పంచాయతీ సమితి అధ్యక్షులు శ్రీ రామచంద్రంగారు జమ్మికుంట బజారులో, మైకు ముందు నిలబడి ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ సమయంలో నేను మా ఇంటి తలుపు చాటున దాక్కుని ఉన్నాను. చప్పట్లు కొడితే వాకిట్లో కూర్చున్న కొండల్‌కు వినబడుతుంది.

మైకు గొంతు మా ఇంటి దాకా వినబడుతోంది. వినబడకపోయినా నాకు నష్టం లేదు. ఆ ఉపన్యాసం రాసి ఇచ్చింది నేనే. 'ఖర్మ' అన్న మాట పక్కన 'ఇక్కడ కొంచెం ఆగాలి' అని కూడా రాశాను. అధ్యక్షులు ఆగలేదుగానీ, ఆ ముక్క కూడా చదివేశారు. ప్రజలు దానికీ చప్పట్లు కొట్టారు. నాయకుడంటే అలా ఉండాలి.

కొండల్ అంటే కైలాసం సావుకారి మనిషి. రాని బాకీలు రాబట్టడం అతని ఉద్యోగం. చేతిలో పొన్నుకర్ర, గొంతులో దండోరా. "ఓ పర్శరాములూ! సావుకారి పైసలు దిని సప్పుడు జేస్తలేవేంది!" అని ఒక్క కేక వేశాడంటే పత్తి మార్కెట్టు దాకా నా పేరు తెలుస్తుంది. ఇంత ప్రచారం అధ్యక్షులవారికి కూడా లేదు.

ఇక నా బాకీ చరిత్ర. రామచంద్రంగారు అధ్యక్షులుగా గెలిచిన నాడు ఊరేగింపు తీశాం. బాజాలు, తోరణాలు, పూలదండలు, వచ్చినవాళ్లకు చాయ్. ఖర్చు రెండు వందలు దాటింది. సావుకారి పైకమిస్తానన్నాడుగానీ ఎవరో ఒకరు దస్కతు పెట్టాలన్నాడు. రామచంద్రంగారు నలుగురి ఎదుట నా భుజం మీద చెయ్యి వేసి, "మన పర్శరాములు పెడ్తడు. పైసలు పార్టీ ఇస్తది" అన్నారు. నేను పత్తి దుకాణంలో చిట్టీలు రాసే గుమాస్తాను. పత్తి బండ్లు వచ్చినన్నాళ్లే నాకు జీతం. తక్కిన కాలం మా ఆవిడ చంద్రవ్వ రవికెలు కుట్టి నన్ను పోషిస్తుంది. అటువంటి నా భుజం మీద అటువంటి చెయ్యి పడింది. కాగితంలో ఏముందో చదవలేదు. దస్కతు మాత్రం చాలా అందంగా పెట్టాను.

ఉపన్యాసం అయిన మరునాడు అధ్యక్షులవారి దర్శనానికి వెళ్లాను. ఆయన పాన్ నములుతున్నారు.

"సార్, గా బాజాల పైసలు..."

"ఏ బాజాలు?"

"మీరు గెలిచిననాటి బాజాలు సార్."

"ఓ, గా బాజాలా! మస్తుగ కొట్టిన్రు గదా!"

"కొట్టిన్రు సార్. గిప్పుడు కొండల్ నన్ను కొట్టేటట్టున్నడు. పార్టీ ఇస్తదంటిరి."

"ఇస్తది. పార్టీ యాడికి వోతది?" అని ఆయన నా వంక జాలిగా చూశారు. "గని పర్శరాములూ, నువ్వు నీ ఒక్కని గురించే సోంచాయిస్తున్నవు. నేను బాకీదారులందరి గురించి సోంచాయిస్తున్న."

నాకు సిగ్గేసింది. నిజమే, నా ఆలోచన ఎంత చిన్నది!

"బాకీదారుల రక్షణ కమిటీ పెడ్తున్నం. నువ్వే సెక్రటరీ."

బాకీ సంగతి అక్కడే మరిచిపోయి, ఇంటికి పోయి ఖద్దరు టోపీ ఉతకమన్నాను.

"సెక్రటరీకి జీతమెంత?" అంది చంద్రవ్వ.

"గిది సేవనే. జీతముండదు."

"అయితే గా ముచ్చట కొండల్‌కు గూడ జెప్పు."

చెప్పాను. కొండల్ ఎంతో సంతోషించాడు. ఆనాటి నుంచి మర్యాద పెరిగింది. "సెక్రటరీ సాబూ! సావుకారి పైసలు దిని సప్పుడు జేస్తలేరేంది!" అనడం మొదలుపెట్టాడు. గొంతు కూడా హోదాకు తగ్గట్టు పెంచాడు. ఆ వారమే మా ఇత్తడి బిందె పట్టుకుపోయాడు. వచ్చేసారి కుట్టు మిషను తీసుకుపోతానని చెప్పాడు.

ఆ రోజు చంద్రవ్వ అన్నం తినలేదు. అది చేత్తో తిప్పే పాత మిషను. ఆమె మేనమామ ఇచ్చాడు. అది కదిలితేనే మా పొయ్యి మీదికి కుండ ఎక్కుతుంది. "బాకీ తీర్సుదం. ఎగవెట్టుదమంటలేను. గని నా చేతులు నరుక్కపోతనంటే ఎట్ల?" అంది. నేను ఆమెకు ధైర్యం చెప్పాను. కమిటీ ప్రారంభోత్సవం దగ్గరపడిందనీ, ఆ తరువాత ఎవడూ మన గడప తొక్కలేడనీ చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపును నేను అభినందనగా తీసుకున్నాను.

ప్రారంభోత్సవానికి అధ్యక్షత ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. రామచంద్రంగారు క్షణం తడుముకోలేదు.

"కైలాసం సావుకారి."

"సార్, ఆయనే కదా అప్పులిచ్చెటోడు?"

"గందుకే. బాకీల కష్టం ఆయనకు ఎరుకైనంత ఎవలకెరుక? మల్ల షామియానా ఆయనదే, కుర్సీలాయనయే. కిరాయి తీస్కోడు."

ఇంత దూరదృష్టి నాకెక్కడిది? ఆహ్వానపత్రం రాసేశాను.

సభ బ్రహ్మాండంగా జరిగింది. జమ్మికుంటలో అన్నాళ్లుగా ఎవరికీ కనబడని మనుషులందరూ ఆ రోజు కనబడ్డారు. వేదిక మీద సావుకారిని చూసి, సగం మంది తలపాగాలు కళ్ల మీదికి లాక్కున్నారు. నేను టోపీ పెట్టుకుని నివేదిక చదివాను. కమిటీ సభ్యత్వానికి చందా పావలా అని ప్రకటించాను. 'బాకీదారుడు సింహం' అన్న వాక్యం చదువుతుండగా జనం వెనక్కి తిరిగి చూశారు.

చంద్రవ్వ నెత్తి మీద కుట్టు మిషనుతో వస్తోంది. వెనకాల కొండల్ కర్ర పట్టుకుని పరుగెత్తుతున్నాడు. "అక్కా, మిషిన్ నేను వట్టుకపోవాలె గని, నువ్వే తెస్తివేంది!" అంటున్నాడు. నేను ఇంట్లో లేని సమయం చూసుకుని అతను వచ్చాడు. ఆమె మిషను అతనికి ఇవ్వలేదు. తానే ఎత్తుకుని బయలుదేరింది.

ఆమె మిషను తెచ్చి వేదిక మీద, సావుకారి కాళ్ల ముందు పెట్టింది. చెంగుతో మొహం తుడుచుకుంది.

"సావుకారీ, ఇగో నీ సొమ్ము. గని గీ మందిల ఒక్క మాట జెప్పు. గా బాజాలు ఎవలకు కొట్టిన్రు?"

సావుకారి రామచంద్రంగారి వంక చూశాడు. రామచంద్రంగారు నా వంక చూశారు. నేను నా నివేదిక వంక చూశాను. అందులో జవాబు లేదు.

అధ్యక్షులవారు లేచి మైకు అందుకున్నారు. "సోదరులారా! ఆ బాజాలు నా కోసం మోగలేదు. ప్రజాస్వామ్యం కోసం మోగాయి. కనుక ఆ బాకీ ప్రజాస్వామ్యానిది!"

చప్పట్లు మోగాయి.

"దస్కతు ప్రజాస్వామ్యం పెట్టలే," అన్నాడు సావుకారి చల్లగా. "పర్శరాములు వెట్టిండు."

దానికీ చప్పట్లు మోగాయి. రామచంద్రంగారు ఏమాత్రం తొణకలేదు. తన మెడలోని దండ తీసి చంద్రవ్వకు అందించి, "ఈ సోదరి తన కుట్టు మిషనును మన కమిటీకి విరాళంగా సమర్పించింది!" అని ప్రకటించారు.

నేనే ముందు చప్పట్లు కొట్టాను. చెయ్యి ఆగలేదు.

"నేను ధర్మం జెయ్యలే పటేలా," అంది చంద్రవ్వ. దండ తీసి బల్ల మీద పెట్టింది. "సావుకారీ, మేం పైసలు ఎగవెడ్తలేం. పత్తి బండ్లు రాంగనే నెలనెల ఇంత అని ఇస్తం. ఇచ్చినకాడికి రసీదు రాసియ్యాలె. మా బిందె మాకియ్యాలె. నీ మనిషి మా వాకిట్ల నిలవడి మొత్తుకోవద్దు. గట్లయితే మంచిది. లేకపోతే మిషిన్ తీస్కో, రేపటి సంది మా ఇద్దరికి బువ్వ నువ్వే వెట్టు."

ఎక్కడో ఒక తలపాగా పైకి జరిగింది. "నాగ్గూడ రసీదు గావాలె!" అని ఒక గొంతు లేచింది. దాని పక్క నుంచి ఇంకొకటి. సావుకారి ఆ గొంతులు లెక్కపెట్టుకుంటున్నట్టు కాసేపు చూశాడు. అవి ఇంకా పెరిగేలోగా "సరే, గట్లనే కానియ్యి" అని కుర్చీలోంచి లేచాడు. చంద్రవ్వ మళ్లీ మిషను ఎత్తబోతే, నెత్తికెత్తడానికి చెయ్యి వేసింది కొండలే. నేను వేద్దామనుకున్నాను గానీ, వందన సమర్పణ నా పేరు మీద ఉంది.

అధ్యక్షులవారి చొరవతో ఒక పేద కుటుంబానికి కుట్టు మిషను దక్కిందని పత్రికకు వార్త పంపించాను. చంద్రవ్వ పేరు స్థలాభావం వల్ల రాయలేదు.

మరునాడు పొద్దున బిందె వచ్చింది. తెచ్చినవాడు కొండల్. చేతిలో కర్ర లేదు. బిందె లోపల పెట్టాక కూడా పోలేదు. వాకిట్లో నిలబడి, తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సెక్రటరీ సాబ్, జర ఒక్క మాట."

"చెప్పు."

"మా బాపు సావుకారి దగ్గర ఎడ్లకని పైసలు తెచ్చిండు. ఎడ్లు సచ్చినయ్, బాపు సచ్చిండు, బాకీ సావలే. గా బాకీ కింద నేను జీతమున్న. జీతమంటే జీతం గాదు, మిత్తికే సరివోతది, అసలు అట్లనే ఉంటది. మందిని తిట్టుడు నాకేమన్న సంబురమా? నిన్న అక్క మాట్లాడినంక రాత్రంత ఆలోచన జేసిన. నన్ను గూడ మీ కమిటీల రాస్కోండ్రి. నేను గూడ బాకీదారున్నే."

నా గుండె కరిగిపోయింది. సభకు అంతమంది వచ్చారు గానీ, కమిటీలో చేరతానన్నవాడు అతనొక్కడే. నేను లోపలికి పోయి టోపీ పెట్టుకుని, కాగితం, కలం తీసుకుని వచ్చి గడప మీద కూర్చున్నాను. అతని పేరు మంచి అక్షరాలతో రాశాను.

"పావలా," అన్నాను.

"ఏం పావలా సాబ్?"

"చందా."

కొండల్ తువ్వాల దులిపి చూపించాడు. "ఇప్పుడైతే లేదు సాబ్. నాల్గొద్దులు ఆగుండ్రి, ఇస్త."

లోపల మిషను చప్పుడు ఆగింది. చంద్రవ్వ తల ఎత్తి చూస్తోంది. నేను టోపీ సవరించుకుని, కలం మళ్లీ చేతికి తీసుకుని, అతని పేరు పక్కన 'బాకీ: పావలా' అని రాశాను.

"మీ ఇల్లు ఏ వాడల?" అని అడిగాను.