ముఖవర్చస్సుకు తొంభై ఆరు మార్కులు

ఇల్లనేది లోపల ఉండేవాళ్ళ కోసం కాదనీ, రోడ్డు మీద పోయేవాళ్ళ కోసమనీ మన సమాజం ఎప్పుడో తేల్చేసుకుంది. (లోపల ఉండేవాళ్ళను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి బయటికి రావాలి, వస్తే వాళ్ళూ బయటివాళ్ళే అయిపోతారు.) ఈ సత్యాన్ని అమలు చేయడానికే గృహ ముఖవర్చస్సు శాఖ వెలిసింది. మిగతా కాలాల్లో ఇళ్ళ అందం ప్రకృతే చూసుకుంటుంది గనుక శాఖవారు చలికాలంలోనే పనిచేస్తారు. ఆ రోజుల్లో ఇల్లు అమ్మేవాళ్ళు దాని బయటి అందానికి మార్కులు వేయించుకుని, ఆ అంకెను గేటుకు వేలాడదీయాలి. ఎన్ని మార్కులొచ్చినా అమ్ముకోవచ్చు. తక్కువొస్తే కొనేవాడే రాడని శాఖకు గట్టి నమ్మకం.

ఒక గడియారాల మెకానిక్కుకు ఈ అవసరం పడింది. ఆయన భార్య నర్సు. ఆమెకు హెడ్ నర్సుగా ప్రమోషన్ ఇచ్చి, ఆ సంతోషం మరీ ఎక్కువైపోకుండా ఆరు గంటల ప్రయాణం అవతలి ఊరికి బదిలీ చేశారు. అక్కడ ఓ చిన్న ఇల్లు మాట్లాడుకున్నారు. దాని యజమాని నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఈలోగా ఇది అమ్ముడుపోకపోతే ఇక కాపురం బస్సుల్లోనే.

"నేను వెళ్ళి డ్యూటీలో చేరతాను. మీరు ఆ మార్కులేవో వేయించి, అమ్మేసి వచ్చేయండి. చాదస్తానికి మాత్రం పోకండి," అని చెప్పి ఆమె బస్సెక్కింది.

మర్నాడు పర్యవేక్షకుడు వచ్చాడు. రంగుల అట్టను గడ్డి పక్కన పెట్టి చూశాడు.

"గడ్డి నిరుత్సాహంగా ఉంది."

"చలికాలం కదండీ, ఎండిపోయింది."

"అది గడ్డి అభిప్రాయం. శాఖ అభిప్రాయం వేరు."

గోడ నీరసంగా ఉందనీ, గేటు సణుగుతోందనీ రాసుకుని ముప్పై ఒక్క మార్కులు వేశాడు. ఇంటి ముందు ఎండుటాకులు ఏడుకు మించరాదని కూడా చెప్పాడు. (ఎనిమిదోది రాలితే చెట్టుకు నోటీసు వెళ్తుంది. చెట్టు బదులివ్వకపోతే యజమానికి వెళ్తుంది.)

మెకానిక్కుకు ఓపిక వృత్తిలోనే ఉంది. గేటు మడతబందులకు గడియారాల నూనె చుక్కలు చుక్కలుగా వేశాడు. గోడకు వెన్నరంగు పూశాడు. సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుందని వరండాలో పసుపు దీపాలు పెట్టాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో గడ్డిపోచలు ఒక్కొక్కటీ లేపి నిలబెట్టాడు. క్రమంగా అమ్మకం సంగతి వెనకబడింది. రోజుకు నాలుగుసార్లు రోడ్డు దాటి, అవతలి పక్క నిలబడి తన ఇంటిని తనే చూసుకుని మురిసిపోవడం మొదలుపెట్టాడు.

పదో రోజున తొంభై ఆరు మార్కులు వచ్చాయి. మిగతా నాలుగూ ఏమయ్యాయని అడిగాడు.

"వరండాలో మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషి ఒకరు కనిపించారు," అన్నాడు పర్యవేక్షకుడు. మెకానిక్ తన తల మీది మంకీ క్యాప్ మెల్లగా తీసేశాడు.

ఆ సాయంత్రమే ఒక బస్సు డ్రైవరు భార్యాపిల్లలతో ఇల్లు చూడటానికి వచ్చాడు. నలుగురూ చెప్పులు గేటు బయటే విడిచి, కాసేపు గుసగుసగా మాట్లాడుకుని, మళ్ళీ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు నోటీసు వచ్చింది. తొంభై అయిదు దాటిన ఇల్లు 'ఆదర్శ ముఖం' అవుతుందట. చలికాలం అయ్యేదాకా దాన్ని అమ్మరాదు. గేటు తెరవరాదు. ముందువైపు చెప్పులు, బట్టలు, మనుషులు కనిపించరాదు. ఇంటివాళ్ళు వెనకగోడ దూకి రావచ్చు. (ఇది రాయితీ.)

మెకానిక్ ఆఫీసుకు పరిగెత్తాడు. "అయ్యా, ఓ పది మార్కులు తగ్గించండి."

"తగ్గించడానికి ఫారం లేదు," అన్నాడు గుమాస్తా. "పెంచమని అడిగే ఫారం నింపి, కింద 'కాదు' అని రాయండి." అలాగే రాసిచ్చాడు. జవాబు ఎండాకాలంలో వస్తుందన్నారు.

మరునాటి పొద్దున నర్సు సెలవు పెట్టి వచ్చింది. రెండు చేతుల్లో రెండు సంచులు. గేటు తోయబోతుంటే కిటికీలోంచి కేక వినిపించింది.

"ఆగు, గేటు తియ్యకు! వెనకగోడ దగ్గర స్టూలు వేశాను. గడ్డి మీద కాలు పెట్టకు, ఇప్పుడిప్పుడే లేచి నిలబడింది!"

ఆమె సంచులు కింద పెట్టింది.

"నేనూ నిలబడే ఉన్నానండీ, పన్నెండు రోజులుగా, వార్డులో. రోజూ ఫోన్ చేసి మార్కుల సంగతే చెప్పారు. ఎలా ఉన్నావని ఒక్కసారైనా అడిగారా?"

కిటికీలోని తల లోపలికి పోయింది. నిజంగానే అడగలేదు.

ఆమె గేటు తీసి, గడ్డి మీదుగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. పన్నెండు రోజుల బట్టలూ ఉతికింది. వరండా స్తంభం నుంచి గేటు దాకా తాడు కట్టింది. యూనిఫారాలు, బనీన్లు, లంగాలు వరసగా ఆరేసింది. చివరికి తడి దుప్పటి ఎత్తి, "ఇటు వచ్చి పట్టుకోండి," అంది.

మెకానిక్ గడ్డి వంక ఒక్కసారి చూశాడు. తర్వాత దాని మీద కాలు పెట్టి, వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పిండారు.

"ఎలా ఉన్నావు?" అన్నాడు మెల్లగా.

"నడుం నొప్పి. గట్టిగా తిప్పండి."

అంతలో పర్యవేక్షకుడు ఊడిపడ్డాడు. తాడు వైపు వేలు చూపించి, "ఇదేమిటి?" అన్నాడు.

"లంగా," అంది నర్సు.

"అది తెలుస్తోంది. ఇక్కడెందుకుంది?"

"తడిగా ఉంది కాబట్టి."

"ఆ బనీనుకు చిల్లులున్నాయి."

"మూడు. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. కూడితే ఇరవై రెండు వచ్చింది. ఆదర్శ హోదా అక్కడికక్కడే రద్దయింది. కొత్త అంకెను గేటుకు తనే స్వయంగా తగిలిస్తూ, "ఇక ఎవడు కొంటాడో నేనూ చూస్తాను," అన్నాడు.

అప్పుడే బస్సు డ్రైవరు కుటుంబం అటుగా వెళ్తోంది. డ్రైవరు భార్య గేటు దగ్గర ఆగింది.

"ఇక్కడ ఎండ ఎంతసేపు ఉంటుందండీ? దుప్పట్లు ఆరతాయా?"

"మూడింటి దాకా ఉంటుందమ్మా. శుభ్రంగా ఆరతాయి," అంది నర్సు.

"మొన్న చూసినప్పుడు భయమేసిందండీ, మా పిల్లలతో ఇందులో ఎలా ఉంటామా అని," అన్నాడు డ్రైవరు. అప్పటికే పిల్లలిద్దరూ గడ్డి మీద దొర్లుతున్నారు. తడి దుప్పటి పక్కనే నిలబడి బేరం మాట్లాడుకున్నారు. నెలాఖరుకు రెండు రోజుల ముందే మెకానిక్ సామానుతో, మంకీ క్యాప్‌తో సహా భార్య దగ్గరికి చేరాడు.

ఇరవై రెండు మార్కుల ఇల్లు అమ్ముడుపోవడం మీద శాఖ విచారణ జరిపింది. లోపం కొన్నవాళ్ళ చూపులో ఉందని తేలింది. అప్పటి నుంచి ఇల్లు కొనేవాళ్ళు దరఖాస్తుతో పాటు కంటి డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేయాలి.