పద్నాలుగు కిలోల స్ప్రింగులు

కొండెక్కే కార్ల పందేనికి సరిగ్గా ఆరు వారాలుందనగా, ఓ ఆదివారం పొద్దున్నే బాల్కనీలో కాఫీ తాగుతూ వదీహ్ ఒక నిర్ణయానికి వచ్చాడు. కారుకి పాత స్ప్రింగులు తీసేసి గట్టివి వేయించాలి. ఉన్నవి ఆరు కిలోలవి. అంటే ఒక్క మిల్లీమీటరు నొక్కాలంటే ఆరు కిలోల బరువు పడాలి. కొత్తవి పద్నాలుగు కిలోలవి కావాలి. అప్పుడు మలుపుల్లో కారు పక్కకి ఒరగదు, పట్టాలమీద పోయినట్టు పోతుంది. కాకపోతే దానికి రోడ్డు నున్నగా ఉండాలి. బైత్ సిందియాన్ ఊరి కొండరోడ్డు నున్నగా ఉండడం ఎవరూ చూడలేదు.

కాని వదీహ్ స్కూల్లో లెక్కల మాస్టారు. లెక్క వేశాడు. పందెం అయిన వారానికి మునిసిపల్ ఎన్నికలు. ఈ దేశంలో కరెంటు లేకుండా ఎన్నికలు జరిగాయి, ఓటర్లు లేకుండా కూడా జరిగాయి, తారు పడకుండా మాత్రం ఎప్పుడూ జరగలేదు. పందేనికి ఊరంతా ఆ రోడ్డు పక్కనే నిలబడుతుంది. అక్కడ వేయక ఇంకెక్కడ వేస్తారు?

ఈసారి గెలవక తప్పదు. పదకొండేళ్లుగా అతనిది రెండో స్థానం, బావమరిది ఇల్యాస్‌ది మొదటి స్థానం. ఆ కారునే ఇంటికీ వాడడంవల్ల నడుం పోగొట్టుకున్న అతని భార్య నుహాద్, తమ్ముడి ఎదుటే తేల్చి చెప్పేసింది. "ఈ ఏడు గెలిస్తే కారుంటుంది. ఓడిపోతే అమ్మేస్తావ్. మాటంటే మాటే." వదీహ్ సరేనన్నాడు. పద్దెనిమిదేళ్లు ఒక్కొక్క బోల్టూ తన చేత్తో బిగించుకున్న కారది. దాన్ని ఇంకొకడు నడుపుతున్నట్టు కలవచ్చినా ఉలిక్కిపడి లేచేవాడు.

"అబ్బాయ్, రోడ్డుని బట్టి స్ప్రింగు వేస్తారు. స్ప్రింగుని బట్టి రోడ్డు వేయరు," అన్నాడు కార్ల షెడ్డులో క్రికోర్ మేస్త్రీ, జీపు కింద నుంచి బయటికి రాకుండానే. అరవై ఎనిమిదేళ్ల ఆ అర్మేనియా మేస్త్రీ ఎదుట వదీహ్ ఎప్పుడూ కుర్రాడే. "గట్టి స్ప్రింగుతో గతుకులో పడితే చక్రం గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్న చక్రానికి నువ్వు స్టీరింగ్ తిప్పినా ఒకటే, దణ్ణం పెట్టినా ఒకటే."

"తారు పడుతుంది మేస్త్రీ."

"పడ్డాక రా."

"సరుకు జర్మనీ నుంచి రావాలి. అప్పటికి పందెం అయిపోతుంది."

"మరి ఈ పాతవేం చెయ్యను?"

"పారెయ్," అన్నాడు వదీహ్.

కొత్త స్ప్రింగులు వచ్చి బిగించిన రోజే ఇల్యాస్ కంటపడ్డాయి. కారు మూల మీద చెయ్యి వేసి నొక్కాడు. కదల్లేదు.

"ఏంటి బావా, రాయి పెట్టించావా? ఈ గతుకుల్లో దీంతో ఎక్కుతావా?" అన్నవాడు ఆగి, కళ్లు చిన్నవి చేశాడు. "తారు వేస్తున్నారా? ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ మాటే అనేస్తే సరిపోయేది. కాని పదకొండేళ్లుగా ప్రతి విందులోనూ పందెంలో గెలిచిన కప్పులోనే అరక్ సారా పోసుకుని తాగే బావమరిది ముందు, ఊహించుకున్నానని చెప్పుకోవడానికి వదీహ్‌కి నోరు రాలేదు. మెల్లగా నవ్వాడు.

"చెప్పాల్సినవాళ్లు చెప్పార్లే."

ఇల్యాస్ అటునుంచి అటే వెళ్లి తనకీ పద్నాలుగు కిలోలవి తెప్పించమని ఫోన్ చేశాడు. దారిలో మంగలి దగ్గర ఆగి గడ్డం చేయించుకున్నాడు. సాయంత్రానికల్లా కొండరోడ్డుకి తారు పడుతోందన్న సంగతి ఊళ్లో తెలియనివాడు లేడు. ఇద్దరు పందెగాళ్లు స్ప్రింగులే మార్పిస్తుంటే ఇంకా అనుమానం ఏముంటుంది?

మేయర్ ఫుఆద్‌కీ కబురు అందింది. తను వేస్తానని ఎవరికీ చెప్పలేదు గనక, ఇది తనమీద పోటీ చేస్తున్న దంతాల డాక్టర్ రమ్జీ పనే అనుకున్నాడు. "వాణ్ణే వేసుకోనీ, మనకి తారు మిగులుద్ది," అని తన తారంతా పై వీధికి పంపేశాడు. డాక్టర్ రమ్జీ ఏదో పంటికి రంధ్రం చేస్తూ ఇదే వార్త విన్నాడు, మేయరే వేస్తున్నాడనుకుని ఓట్ల కోసం తను కొన్న తారు చర్చి ముంగిట పోయించాడు. కొండరోడ్డు గతుకులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

పందెం నాలుగు రోజుల్లో ఉందనగా వదీహ్ ఉండబట్టలేక మేయర్ దగ్గరికి పరిగెత్తాడు.

"తారు ఎప్పుడా? నన్నడుగుతావేంటయ్యా!" అని మేయర్ నవ్వాడు. "నీ స్ప్రింగులు చూసేగా ఊరంతా నమ్మింది!"

డాక్టర్ కూడా అదే అన్నాడు, ఇంకాస్త మర్యాదగా. ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది వదీహ్‌కి. నిజం చెప్పేస్తే ఇద్దరిలో ఒకరైనా తారు వేస్తారేమో. కాని ఆ నిజం ఇల్యాస్ చెవిన కూడా పడుతుంది. నోరు మూసుకుని క్రికోర్ దగ్గరికి వెళ్లి, పాత స్ప్రింగులు ఇమ్మన్నాడు.

"పారెయ్యమన్నావుగా అబ్బాయ్," అన్నాడు క్రికోర్, ఈసారీ జీపు కింద నుంచే.

ఆదివారం పందెం మొదలైంది. ఒక్కో కారూ విడిగా కొండెక్కాలి, తక్కువ సమయంలో ఎక్కినవాడిదే కప్పు. వదీహ్ కారు మొదటి మలుపు దాకా బుద్ధిగానే వెళ్లింది. రెండో మలుపులో గతుకు తగిలి ఎగిరింది. మూడో మలుపులో వదీహ్ స్టీరింగ్ తిప్పాడు, చక్రాలు గాల్లో ఉన్నాయి, కారు తిన్నగా వెళ్లి రాతిగోడకి ఆనుకుంది. దిగి నిలబడి, ఇల్యాస్ కారు కూడా కప్పలా గెంతుకుంటూ ఎక్కడం చూశాడు. అది చూసి కాస్త సంతోషించాడు కూడా, దాచడమెందుకు?

చివర్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక పాత తెల్ల కారు వచ్చింది. గతుకుల మీద మెత్తగా ఊగుతూ, చక్రాలు నేలని కరుచుకుని, తొమ్మిది మలుపులూ అందరికన్నా తక్కువ సమయంలో ఎక్కేసింది. లోపల క్రికోర్ ఉన్నాడు. కారు కింద ఎవరి స్ప్రింగులున్నాయో వదీహ్ వంగి చూడాల్సిన అవసరం లేకపోయింది.

గోడ పక్క కూర్చున్న భర్త దగ్గరికి నుహాద్ నడుం పట్టుకుని నడిచి వచ్చింది.

"నిజం చెప్పు. తారు సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"నాతో ఒక్క మాట అనకపోయావా వదీహ్! రోజూ ఫుఆద్ వాళ్లావిడతోనేగా కాఫీ తాగేది. అడిగితే మర్నాడే వేయించేది."

వదీహ్‌కి ఓడిపోయినందుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నుహాద్ అతని భుజం మీద చెయ్యి వేసింది, కాని మాట వెనక్కి తీసుకోలేదు.

అవతలివాడు వేయడం లేదని మేయర్‌కీ డాక్టర్‌కీ ఆ రోజే తెలిసింది. మంగళవారం ఒకరు మళ్లీ తారు తెప్పించి పోయించారు, గురువారం దానిమీదే రెండోవారు పోయించారు. కారు శుక్రవారం అమ్ముడుపోయింది. కొన్నవాడు కొండరోడ్డు మీద ఓసారి పైదాకా వెళ్లివచ్చి, "ఈ రోడ్డు కోసమే చేయించినట్టున్నాయండీ స్ప్రింగులు!" అని మెచ్చుకున్నాడు.

ఇప్పుడా రోడ్డు అద్దంలా ఉంటుంది, వదీహ్ రోజూ దానిమీదే స్కూలుకి నడిచి వెళ్తాడు.