ఉచిత అన్నానికి కెలోరీలు లేవు

శాంటా లిగాయా నగర ప్రజల ఆరోగ్యానికీ, వాళ్ల జేబులకీ మధ్య శాశ్వతమైన సంధి కుదర్చవలసిన చారిత్రక బాధ్యత ముగ్గురు మనుషుల మీద పడింది. ఆ ముగ్గురిలో నేనొకణ్ని. మనుషుల్ని ఎంచుకునేటప్పుడు చరిత్ర ఎంత అజాగ్రత్తగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

జూలై మా దేశంలో పోషకాహార మాసం. ఆ నెలంతా నగర కార్యాలయం గోడల మీద క్యారెట్లు నవ్వుతుంటాయి. ఈసారి క్యారెట్లతో సరిపెట్టకూడదని పైవాళ్లు నిశ్చయించారు. ఊళ్లోని ఫాస్ట్ ఫుడ్ గొలుసు దుకాణాలను ధరలోనూ, ఆరోగ్యంలోనూ పోల్చి చూడాలి. గెలిచినవారికి ఒక ఆకుపచ్చ ముద్ర, దానితోపాటు కార్యాలయం కింది అంతస్తులో మూలగది. ఇదీ తీర్మానం.

ఆ మూలగది ఖాళీగా లేదు. పంతొమ్మిదేళ్లుగా అక్కడ ఆలింగ్ ఇస్కా పూటకూళ్ల కొట్టు నడుపుతోంది. వేయించిన చేప, మునగాకు వేసిన పెసల పులుసు, అన్నం. ఆ గది పోతే పొయ్యి పెట్టుకోవడానికి ఆమెకు ఊళ్లో ఇంకో చోటు లేదు. తీర్మానంలో ఆమె పేరు ఎక్కడా రాలేదు. 'ప్రస్తుత వినియోగం' అని వచ్చింది. పంతొమ్మిదేళ్లు మనిషిగా బతికినావిడ రెండు మాటల్లోకి ఇంత పొందికగా ఇమడడం చూసి నేను ముచ్చటపడ్డాను. ఎందుకంటే ఆ వాక్యం రాసింది నేనే.

మా సంఘానికి అధ్యక్షురాలు పోషకాహార అధికారిణి డాక్టర్ పెర్పెతువా లక్సమానా. రెండో సభ్యుడు కౌన్సిలర్ ఇబాన్యేజ్. పోటీలో ఉన్న తండాంగ్ హరి అనే కోడివేపుళ్ల దుకాణం యజమాని పెళ్లికి పెద్దమనిషిగా నిలబడి సంతకం పెట్టినవాడు కనక, ఆయన నిష్పాక్షికతను ఎవరూ శంకించలేదు. మా ఊళ్లో ఆయన సంతకం పెట్టని పెళ్లి లేదు. ఆ లెక్కన ఆయన అందరికీ సమానంగా బంధువు. మూడోవాణ్ని నేను, ఎల్యుతేరియో మగ్బానువా, పిలుపుకి టెర్యో. ఆరేసి నెలల ఒప్పందం మీద పదకొండేళ్లుగా తాత్కాలిక గుమాస్తాని.

పోటీలో తండాంగ్ హరి, బర్గర్ కపితాన్, తీపి స్పగెట్టీకి పేరుపడ్డ పాస్తా ఫియెస్తా ఉన్నాయి. సంగతి తెలిసి ఆలింగ్ ఇస్కా మేడెక్కి వచ్చింది. తననీ చేర్చుకోమంది. గొలుసు దుకాణం అంటే కనీసం రెండు కొట్లుండాలని కౌన్సిలర్ గారు నవ్వుతూ చెప్పారు. బస్టాండు దగ్గర తన చెల్లెలు ఇదే పులుసు, ఇదే గరిటెతో పోస్తోందని, ఒకటీ ఒకటీ రెండే కదా అని ఆవిడ అంది. కూడికలో తప్పు దొరకలేదు. చేర్చుకున్నాం.

నాలుగు రోజులు ప్రజల తరఫున తిన్నాం. డాక్టర్ గారు చిన్న తక్కెడ తెచ్చి ప్రతి కోడికాలునీ తూచారు. తండాంగ్ హరిలో నూటతొమ్మిది పేసోలిస్తే ఒక కోడిముక్క, ఎంత కావాలంటే అంత అన్నం, ఎంత పోసుకుంటే అంత గ్రేవీ. అన్నం బుట్ట మా బల్ల దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చింది. కౌన్సిలర్ గారు బాధ్యతాయుతంగా ఐదు కప్పులు తిన్నారు.

అన్నాన్ని ఏ గడిలో రాయాలని నేను అడిగాను.

డాక్టర్ గారు నన్ను జాలిగా చూశారు. "అన్నంలోకి ఏముందని అడుగుతాం టెర్యో. అన్నం ఉందా అని అడుగుతామా? అది ఉండేదే. పీల్చిన గాలిని ఎవరైనా లెక్కరాస్తారా?"

అంచేత ఆరోగ్యం గడిలో కోడిముక్క ఒక్కటే పడింది. గ్రేవీ ద్రవం కనక మంచినీళ్ల కింద పోయింది. తృప్తి గడిలో మాత్రం ఐదు కప్పులూ పడ్డాయి, ఎందుకంటే తృప్తి కలిగిన మాట నిజం. బర్గర్‌కి రొట్టె, స్పగెట్టీకి పంచదార అడ్డొచ్చాయి. అవి అన్నం కావు కనక వాటిలో కెలోరీలున్నాయి.

నాలుగో రోజు మూలగదిలో కూర్చున్నాం. చేప నలభై ఐదు, పులుసు ఇరవై ఐదు. ఇక్కడ అన్నం కప్పుకి పదిహేను. కౌన్సిలర్ గారు నాలుగు కప్పులు అడిగి తిని, ఇంకాస్త పులుసు ఊరికే పోయించుకున్నారు. బిల్లు నూటముప్పై అయింది. బిల్లులో ఉన్నది లెక్కలో ఉండి తీరాలన్నారు డాక్టర్ గారు. ఆ విధంగా ధర ఉన్న అన్నానికే కెలోరీలుంటాయనీ, ఉచితంగా వచ్చేదానికి ఉండవనీ మా సంఘం కనిపెట్టింది. ఆలింగ్ ఇస్కా ధరలోనూ, ఆరోగ్యంలోనూ ఆఖరున నిలిచింది.

ఆ సాయంత్రం నేను వేరే కాగితం మీద అందరికీ సమానంగా ఒక్కొక్క కప్పు అన్నం వేసి చూశాను. ఆలింగ్ ఇస్కా మొదటికొచ్చింది, తండాంగ్ హరి చివరికి పోయింది. మళ్లీ వేశాను. మళ్లీ అంతే. నా మనసు సంగతి నాకు తెలుసు. నిజం కనబడగానే అది ఎంతో సంతోషిస్తుంది, ఆ సంతోషంతోనే పని అయిపోయిందనుకుంటుంది. ఆ కాగితాన్ని ముక్కలు చేసి బుట్టలో వేసి, తేలికైన గుండెతో ఇంటికెళ్లాను.

మర్నాడు నివేదిక మీద సభ్యులు తమ అభిప్రాయం స్వహస్తాలతో రాసే కార్యక్రమం. కౌన్సిలర్ గారు చటుక్కున రాసేశారు. డాక్టర్ గారు కలం పట్టుకుని కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, ఎవరికైనా వేరే ఆలోచన ఉందా అని అడిగి, జవాబు రాకపోతే రాశారు. తర్వాత కాగితం నా ముందుకొచ్చింది.

మధ్యాహ్నం అలవాటు ప్రకారం మూలగదిలో భోజనానికి కూర్చున్నాను. నెలాఖరులోగా ఖాళీ చెయ్యమన్న కాగితం, నివేదిక పైకి వెళ్లకముందే ఆవిడకి అందింది. నా పళ్లెంలో చేప పెడుతూ, కోపంగా కాదు, వంటలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది. "నువ్వేం రాశావు బాబూ?"

"అన్నం లెక్క తప్పని రాశాను, ఆలింగ్ ఇస్కా."

అది అబద్ధమని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. అలా రాసి ఉండాల్సిందని నేను ఎంత గట్టిగా అనుకున్నానంటే, రాసినట్టే గుర్తుండిపోయింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, నా పళ్లెంలోకి ఇంకో చేపముక్క వేసింది. నేను రెండూ తిన్నాను. వరసలో నిలబడ్డవాళ్లందరికీ, ముగ్గురిలో ఒక్కడైనా మనిషున్నాడని ఆవిడ చెబుతుంటే తల వంచుకుని విన్నాను. జనం అది వినయమనుకున్నారు. కొంచెంసేపటికి నేనూ అలాగే అనుకున్నాను.

మూడు గంటలకి డాక్టర్ గారు కబురు పెట్టారు. వెళ్లేసరికి ఆలింగ్ ఇస్కా అక్కడే కుర్చీ అంచున కూర్చుని ఉంది. బల్ల మీద ఫైలుంది. డాక్టర్ గారి ముఖంలో నేను ఎదురుచూసిన కోపం లేదు. అంతకన్నా ఘోరమైనది, ఆశ ఉంది.

"నువ్వు ఒప్పుకోలేదట కదా టెర్యో. నాకు చెప్పనైనా లేదేం? నీ అభిప్రాయం చూడకుండానే పైకి పంపబోయాను. ఒక్క సభ్యుడు కాదన్నా ఈ నివేదిక చెల్లదు. మళ్లీ మొదటినుంచి తూచాలి. ఈసారి అన్నంతో సహా తూద్దాం. ఎవరైనా ఆ మాట అంటారేమోనని నేనూ చూశాను."

ఆ నిబంధన టైపు చేసిందీ నేనే.

ఏదో చెప్పబోయాను. ఆవిడ అప్పటికే ఫైలు విప్పి, ఆఖరి పేజీ ఆలింగ్ ఇస్కా వైపు తిప్పారు. పై రెండు గడుల్లోనూ 'సమ్మతం' అని ఉంది. మూడో గడిలో, అందరూ మెచ్చుకునే నా గుండ్రటి అక్షరాల్లో, 'పూర్తిగా సమ్మతం' అని ఉంది. ఆ మొదటి మాట కలపమని నన్నెవరూ అడగలేదు.

ఆలింగ్ ఇస్కా కూడబలుక్కుని చదివింది. మళ్లీ చదివింది. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా వెనక్కి జరిపింది.

"ఇది ఇంకెవరిదో డాక్టరమ్మా," అంది. "మా టెర్యో రాసింది తియ్యండి."

డాక్టర్ గారు నా ముఖం చూశారు. ఒక్క క్షణమే. తర్వాత ఫైలులో ఒక్కొక్క కాగితమే తిప్పుతూ వెతకడం మొదలుపెట్టారు.

నేనూ వంగి వెతికాను.