మొదటి రోజు గుడ్డముక్క

ఆ పొద్దున దర్జీ వదిన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కుట్టు కేంద్రానికి వెళ్లడం, పదకొండింటికి వచ్చే తనిఖీ అధికారి ముందు బుద్ధిగా కూర్చోవడం, మధ్యాహ్నానికి తన వంతు కుట్టు మిషను తీసుకుని ఇంటికి రావడం. సాయంత్రంలోగా మిషను ఇంట్లో ఉంటే రేపటి నుంచి ఇంటికే పని పంపుతానని వీధి చివర తెరల దుకాణం ఆసామి మాటిచ్చాడు. లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకని ఆవిడ అత్తగారి మంచం రెండడుగులు జరిపి, కిటికీ కింద చోటు చేసి, మిషను నాలుగు కాళ్లూ ఎక్కడ ఆనాలో నేల మీద సుద్దతో గుర్తులు కూడా పెట్టింది.

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే నన్ను గోడకి నెట్టేశావు" అంది అత్తగారు మంచం మీద నుంచి.

"మధ్యాహ్నానికి వచ్చేస్తుంది అత్తయ్యా. ఈ ఒక్కపూట ఏమీ రానిదానిలా కూర్చుంటే చాలు."

"ఆర్నెల్లుగా చేస్తున్నది అదేగా."

నిజమే. తగలబడిపోయిన తన ఊళ్లో దర్జీ వదినకి పదకొండు మిషన్ల కొట్టు ఉండేది. పెళ్లివాళ్లు ఆవిడ ఖాళీ చూసుకుని ముహూర్తం పెట్టుకునేవారు. సరిహద్దు దాటేటప్పుడు కాపలావాడు ఆవిడ కత్తెరని ఆయుధమని లాక్కున్నాడు. ఈ దేశంలో అడుగుపెట్టాక, శరణార్థి స్త్రీలకు కుట్టు నేర్పి సొంత కాళ్ల మీద నిలబెట్టే కేంద్రం ఒకటుందని విని వెళ్లింది. దరఖాస్తులో మొదటి ప్రశ్న, "మీకు కుట్టుపని వచ్చునా?" దాని కింద చిన్న అక్షరాల్లో, "వచ్చినచో వెనక పేజీ నింపుము." తిప్పి చూస్తే వెనక తెల్లగా ఉంది. ఆమాటే గుమస్తాని అడిగింది. వెనక ఏమీ లేదంటే వచ్చినవాళ్లకి ఇక్కడ ఏమీ లేదని అర్థం, మిషను కావాలంటే రాదని రాయమని ఆయన విసుక్కున్నాడు. ముప్పై ఏళ్ల విద్యని దర్జీ వదిన రెండక్షరాల్లో కొట్టిపారేసి సంతకం పెట్టింది.

నేర్పే టీచరమ్మ కేంద్రం అధ్యక్షురాలి ఆడపడుచు కూతురు. ఇంట్లో ఊరికే కూర్చుని కన్నవాళ్ల ప్రాణాలు తోడేస్తుంటే, అత్త వరసని తీసుకొచ్చి ఈ కుర్చీలో వేశారు. ఆర్నెల్లలో ఆ పిల్ల నేర్పినవి రెండు. మొదటి మూడు నెలలు సంచి, తర్వాతి మూడు నెలలు కాస్త పెద్ద సంచి. తను మాత్రం మిషను ముట్టుకునేది కాదు. ఎప్పుడైనా ముట్టుకుంటే దారం మంచిది కాదనేది, సూది వంకరనేది. ఆడలేక మద్దెల ఓడన్నదట. ఏడో నంబరు మిషను ముందు దర్జీ వదిన నోరెళ్లబెట్టుకుని ఆ పాఠాలన్నీ వింది. వింటూ లోపల ఎంత అసహ్యించుకుందో ఆవిడకే తెలుసు.

ఆ పొద్దున కేంద్రంలో పన్నెండు కొత్త మిషన్లు గోడ వారగా రంగు రిబ్బన్లు కట్టుకుని నిలబడ్డాయి. వాటి ముందు అధ్యక్షురాలు ఒక ఉత్తరం పట్టుకుని నిలబడింది. అది వచ్చి మూడు నెలలయింది. ఇన్నాళ్లూ పూలకుండీ కింద చదునుగా ఉంది. నిధులిచ్చే కార్యాలయం అందులో ఒక షరతు పెట్టింది. ప్రతి అభ్యర్థి మొదటి రోజు కుట్టిన గుడ్డముక్క, చివరి రోజు కుట్టిన గుడ్డముక్క పక్కపక్కన చూపాలి. మొదటి రోజు ముక్క లేనివారికి మిషను లేదు.

చివరి రోజుకి సంచులున్నాయి గాని, మొదటి రోజు ఎవరూ ఏమీ కుట్టలేదు. ఆ రోజంతా రిబ్బను కత్తిరించడానికీ, అధ్యక్షురాలి ఉపన్యాసానికీ, ఆవిడ ప్రతి మిషను ముందూ వంగి ఫొటో దిగడానికీ సరిపోయింది. మిషన్లకి దారం వచ్చింది నాలుగో రోజు.

"కంగారేం లేదు, ఇంకా గంట టైముంది" అంది అధ్యక్షురాలు. "మొదటి రోజు ఎలా కుట్టేవారో అలా ఇప్పుడు కుట్టేయండి. నాలుగు వంకర టాకాలు వెయ్యలేరా?"

వెయ్యలేకపోయారు. అబద్ధం నోటితో ఆడటం తేలికే, కాలితో ఆడటం కష్టం. దర్జీ వదిన పెడల్ తొక్కింది, గుడ్డ తిన్నగా పోయింది. కళ్లు మూసుకుంది, అయినా తిన్నగా పోయింది. చివరికి పళ్లు బిగబట్టి గుడ్డని అటూ ఇటూ లాగితే, వంకరలన్నీ ఒకే కొలతలో పడి అందమైన అలల అంచు తయారైంది. అధ్యక్షురాలు దాన్ని పైకెత్తి చూసి, ఇది డిజైనులా ఉంది, పనికిరాదని కింద పడేసింది.

పక్కన ఎనిమిదో నంబరు మిషను మీద ఉన్న పిన్నిగారి ముక్క కూడా గీత గీసినట్టే వచ్చింది. దర్జీ వదిన దాన్ని చూసింది. పిన్నిగారు అలల అంచుని చూసింది.

"మీరూనా?" అంది దర్జీ వదిన మెల్లగా.

"పోలీసుల యూనిఫారాలు. ఇరవై రెండేళ్లు" అంది పిన్నిగారు పెదవి కదపకుండా.

తొమ్మిదో నంబరు పరుపుల గలీబులు కుట్టేదట, మూడో నంబరు పసిపిల్లల గౌన్లు. పన్నెండు మంది పనివాళ్లు ఆర్నెల్లపాటు ఒకరికి తెలియకుండా ఒకరు రానట్టు నటిస్తూ సంచులు కుట్టారన్న మాట. దర్జీ వదినకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది.

పదిన్నర దాటింది. టీచరమ్మకి కోపం వచ్చింది. "లేవండి. ముందు తిన్నని కుట్టు ఎలా ఉంటుందో నేను వేసి చూపిస్తాను. దానికి రివర్సులో మీరు వెయ్యండి" అని కూర్చుని, నాలిక బయటపెట్టి, ఒళ్లంతా కళ్లు చేసుకుని కుట్టింది. గీత నాలుగు వేళ్ల మేర బాగానే నడిచి, కుడికి తిరిగి, గుడ్డ అంచు దాకా పోయి ఆగింది. కింద దారం ఉండచుట్టుకుపోయింది.

అధ్యక్షురాలు ఆ ముక్కని లాక్కుంది. "ఇదే! సరిగ్గా ఇదే కావాలి. ఎంత బాగా నటించావే. ఇలాంటివి ఇంకో పదకొండు వేసెయ్యి."

టీచరమ్మ తేలు కుట్టిన దొంగలా ఇంకో ముక్క అందుకుంది. మిగతా పదకొండూ కూడా మనసు పెట్టి తిన్నగానే కుట్టబోయింది. అన్నీ కుడికే పోయాయి.

పదకొండింటికి అధికారి వచ్చాడు. సన్నగా, నీరసంగా, అందరి మీదా ముందే అనుమానం పెట్టుకున్నట్టున్న మొహం. సూదికి బెజ్జం ఎటుంటుందో కూడా తెలియదు గాని, ముప్పై ఏళ్లు దొంగ సంతకాలు పట్టుకున్న కళ్లు. బోర్డు మీద పన్నెండు పేర్ల కింద గుచ్చిన పన్నెండు మొదటి రోజు ముక్కల్ని అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ చూశాడు. తర్వాత అన్నిటినీ ఊడదీసి ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తిపట్టాడు. పన్నెండు గీతలూ ఒకే చోట కుడికి తిరిగాయి.

"ఇదంతా ఒకే చెయ్యి" అన్నాడు.

అధ్యక్షురాలు పొంగిపోయింది. తమ కేంద్రంలో అందరూ ఒక్కమాట మీదే నడుస్తారని చెప్పబోయింది. ఆయన విననే లేదు. ఒక్క మనిషే పన్నెండు కుట్టిందంటే మొదటి రోజు మిగతా పదకొండు మంది రానే లేదనీ, హాజరు పట్టీ అంతా దొంగదనీ తేల్చేశాడు. మిషన్లని మళ్లీ గదిలో పెట్టి తాళం వెయ్యమన్నాడు. గుమస్తా వెళ్లి మొదటి మిషను రిబ్బను విప్పాడు.

అధ్యక్షురాలు తల తిప్పి వరసంతా వెతికింది. ఆవిడ చూపు నోరులేనిదని పేరుపడ్డ ఏడో నంబరు మీద ఆగింది.

"ఈవిడే సార్" అంది. "కాస్త అత్యుత్సాహం మనిషి. మొదటి రోజే అందరి ముక్కలూ తనే కుట్టిపెట్టేసింది. మేము ఇప్పుడే గమనించాం. మిగతావాళ్లు పాపం అమాయకులు."

అలా అయితే ఏడో నంబరు మిషను ఒక్కటే రద్దు చేసి మిగతా పదకొండూ ఇవ్వొచ్చని అధికారి అన్నాడు. పిన్నిగారు తల దించుకుంది. ఒప్పుకుంటే పదకొండు ఇళ్లకి మిషన్లు వెళతాయి. కిటికీ కింద సుద్ద గుర్తులు అలాగే ఉండిపోతాయి. దర్జీ వదిన ఒప్పేసుకోవడానికే లేచింది. దొంగ అన్నా పడదామనుకుంది. ఈ ఆర్నెల్లలో పడనిదేముంది కనక. ఈలోగా అధికారి ఆ ముక్కల్లో ఒకదాన్ని ఆవిడ కళ్ల ముందు పెట్టి, ఇది నీ కుట్టేనా అని అడిగాడు. కిందవైపు దారం ఉండ వేలాడుతోంది.

అక్కడ ఆవిడ వల్ల కాలేదు.

"నన్ను దొంగ అని రాసుకోండి సార్. మిషను మీ దగ్గరే ఉంచుకోండి. ఆ కుట్టు నాదని మాత్రం రాయకండి" అంది.

"రుజువేమిటి?"

దర్జీ వదిన తన మిషను ముందు కూర్చుంది. టేపు తీయలేదు, సుద్ద పట్టలేదు. ఒక్క ఊపులో ఒక కాలరు కుట్టి, తిప్పి, అంచు తొక్కి, దారం పళ్లతో తెంపి ఆయన చేతిలో పెట్టింది. అధికారి దాన్ని ముక్కల పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ చెయ్యి కాదు" అన్నాడు. "తర్వాతివాళ్లు."

పిన్నిగారు తలెత్తింది. యూనిఫారం జేబు ఒకటి, మూతతో సహా కుట్టి పడేసింది. ఒకరి తర్వాత ఒకరు పదకొండు మందీ కూర్చున్నారు. ఏ చెయ్యీ కలవలేదు. ఆయనకి పట్టుదల పెరిగింది. కేంద్రంలో ఇంకా ఎవరున్నారని అడిగితే అందరూ ఒకే వైపు చూశారు.

టీచరమ్మ సూది వంకరగా ఉందంది. సూది మార్చారు. దారం మంచిది కాదంది. దారమూ మార్చారు. ఇంక దారి లేక కూర్చుని కుట్టింది. గీత నాలుగు వేళ్లు నడిచి, కుడికి తిరిగింది. అధికారి మొహంలో ఆ రోజు మొదటిసారి సంతోషం కనిపించింది.

అసలు కథ మొత్తం ఆయన పావుగంటలో లాగేశాడు. ఇంత పని వచ్చి రాదని ఎందుకు రాశావని దర్జీ వదినని నిలదీశాడు.

"వెనక పేజీ ఖాళీగా ఉంది సార్. వచ్చినవాళ్లకి ఏమీ లేదన్నారు."

అధికారి తన సంచిలోంచి అసలు దరఖాస్తు తీసి తిప్పాడు. వెనకంతా అచ్చు ఉంది. కుట్టుపని వచ్చినవారు ఒక అధికారి ఎదుట కుట్టి చూపినచో అదేరోజు మిషను ఇవ్వబడును. ఆ పద్దు కింద అయిదేళ్లుగా ఒక్క దరఖాస్తూ రాలేదనీ, ఈ ఊళ్లో పని తెలిసిన శరణార్థులే లేరని తమ కార్యాలయం తీర్మానించుకుందనీ చెప్పాడు. అధ్యక్షురాలు గొంతు సవరించుకుని, కాగితం ఆదా కోసం ఒకవైపే జిరాక్సు తీయిస్తున్నామంది. నిరుడు ఆ పొదుపుకి ఆవిడకి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరిగినట్టయింది. దర్జీ వదినకి ఆర్నెల్ల సంచులన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆవిడకి ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అందులో సగం తన మీదే.

అధికారి దయామయుడేం కాదు. దొంగ హాజరు మీద నివేదిక రాయాలంటే నలభై పేజీలు, పన్నెండు మంది పరీక్ష నెగ్గారని రాయాలంటే ఒక్క పేజీ. ఆయన ఒక్క పేజీయే రాశాడు. కేంద్రంలో కుట్టు నేర్పేవాళ్లకి కుట్టు వచ్చి ఉండాలని కింద ఇంకో వాక్యం చేర్చి, ఏడో నంబరు పేరు రాసి సంతకం పెట్టాడు. మిషన్లు ఇళ్లకి కదిలాయి. మూడింటికి దర్జీ వదిన మిషను సుద్ద గుర్తుల మీద సరిగ్గా నాలుగు కాళ్లూ ఆనించింది. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, వెలుతురికి అడ్డమంది. సాయంత్రానికి తెరల దుకాణం నుంచి మొదటి మూట వచ్చింది.

ఆ తర్వాతి నెల కొత్త తరగతి మొదలైంది. కుర్చీలో దర్జీ వదిన, మొదటి మిషను మీద పాత టీచరమ్మ. మట్టిలో మాణిక్యాన్ని తనే వెలికితీశానని అధ్యక్షురాలు అరగంట ఉపన్యసించి, ఇద్దరి మధ్యా నిలబడి ఫొటో దిగింది. ఆ హడావుడిలో ఈసారి కూడా ఎవరూ మొదటి రోజు గుడ్డముక్క కుట్టలేదు. పాత టీచరమ్మది మాత్రం వెతుక్కోనక్కరలేకపోయింది; ఫైల్లో అప్పటికే పన్నెండు ఉన్నాయి.