మణికట్టు మీద పితృప్రేమ

తండ్రి ప్రేమకి మనిషి ఇంట్లో ఉండాల్సిన అవసరం లేదు. ఛార్జింగ్ ఉంటే చాలు!

ఈ మాట అనగానే మీలో కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. చిట్లించండి. మీరు పుట్టకముందు మీ నాన్నగారు మీతో ఎంతసేపు గడిపారో ఒకసారి అడిగి రండి, అప్పుడు మాట్లాడదాం. ఆ తరం తండ్రులకి బిడ్డతో తొలి పరిచయం ఎక్కడ? ఆసుపత్రి వరండాలో! నర్సు వచ్చి గుడ్డలో చుట్టిన మూటని చేతికిస్తే, దాన్ని ఎటువైపు నుంచి పట్టుకోవాలో తెలియక దిక్కులు చూసేవారు. పాపం, అమాయకులు!

నేనలా కాదు. మా ఆవిడకి ఆరో నెల రాగానే ఒక సెట్టు కొనేశాను. ఆవిడ పొట్టకి బెల్టు, నా మణికట్టుకి బ్యాండు. అక్కడ బిడ్డ కాలు విదిలిస్తే ఇక్కడ నా చెయ్యి జివ్వుమంటుంది. నేను బ్యాండులో మాట్లాడితే బెల్టులోని స్పీకరు బిడ్డకి వినిపిస్తుంది. అంటే ఏమిటన్నమాట? ఆఫీసులో ఉన్నా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, సెలూన్‌లో మెడ వంచుకుని కూర్చున్నా నేను తండ్రినే! ఇంతకన్నా భాగ్యం ఇంకేం కావాలండీ?

పైగా ఇది ఫ్యామిలీ ప్యాక్. అమ్మకొకటి, నాన్నకొకటి, అత్తయ్యకొకటి, బావమరిదికొకటి. బిడ్డ ఒక్కసారి కదిలితే అయిదు చేతులు అదురుతాయి. సరిగ్గా ఆ క్షణంలో మా నాన్న గడ్డం గీసుకుంటూ ఉంటే ఏమవుతుందో ఆయన చెంప చూస్తే మీకే తెలుస్తుంది. బావమరిది డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. మేనల్లుడో మేనకోడలో తన్నినప్పుడల్లా ఉలిక్కిపడి బ్రేకు తొక్కుతున్నాడట. అదే అసలు పద్ధతి కాబోలనుకుని శిష్యులు కూడా తొక్కేస్తున్నారట!

ఇక అమ్మ పొద్దున్నే గొంతు సవరించుకుని జోలపాట అందుకుంటుంది. అత్తయ్య ఊరుకుంటుందా? అదే టైముకి ఆవిడా అందుకుంటుంది. ఇద్దరి పాటలూ కలిసి పొట్టలోంచి వినిపించేసరికి బస్సులో పక్కసీటావిడ లేచి వెళ్లి దూరంగా నిలబడిందట. మా ఆవిడ అది చెప్పి తల పట్టుకుంది. నేను మాత్రం సీటు ఖాళీ అయినందుకు సంతోషించాను.

అన్నిటికంటే గొప్పది అనుబంధం స్కోరు. ఎవరికి బిడ్డతో ఎంత బంధం ఉందో యాప్ రోజూ లెక్కగట్టి ర్యాంకులిస్తుంది. అత్తయ్య ఎప్పుడూ ఫస్టే. నేను ఎంత కొట్టుకున్నా బావమరిది వెనకే! కన్నతండ్రికి ఎంత నామోషీ చెప్పండి?

మా ఆవిడకి మాత్రం ఈ టెక్నాలజీ విలువ ఇంకా వంటబట్టలేదు. మొన్న సోఫాలో పక్కన కూర్చుని, "ఏవండీ, తన్నుతోంది, చెయ్యి పెట్టి చూడండి" అంది.

"తెలుసు తెలుసు, ఇప్పుడే వచ్చింది" అని బ్యాండు చూపించాను.

ఆవిడ పొట్ట మీద బెల్టు సర్దుకుంది. తర్వాత మెల్లగా, "బుధవారం స్కానింగ్ ఉంది. గుండె చప్పుడు వినిపిస్తారట. ఈసారైనా వస్తారా?" అంది.

"నేను నీతో లేనిదెప్పుడు?"

"అలా కాదండీ. ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంటుంది."

"భయమెందుకే పిచ్చిదానా, ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుంటాగా!" అని ధైర్యం చెప్పాను. ఇంతకన్నా బాధ్యత గల భర్త ఎక్కడ దొరుకుతాడు?

బుధవారం రానే వచ్చింది. మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా బ్యాండు మొదలుపెట్టింది. మామూలు తన్నులు కావవి! గుడగుడలు, కుదుపులు, ఆ పైన ఆగకుండా ఒకటే అదురుడు. "మీ బిడ్డ మిమ్మల్ని పిలుస్తోంది, స్పందించండి!" అంది యాప్. ఊరుకోగలనా? అందరి ముందే మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని, "బంగారుకొండా, నాన్ననమ్మా! అంత తొందరేం వచ్చిందిరా నీకు?" అన్నాను. అదురుడు ఇంకా హెచ్చింది. మా మేనేజరు కళ్లు తుడుచుకుంది. అకౌంట్స్ వాళ్లు చప్పట్లు కొట్టారు. చూస్తే నాకు ఫస్టు ర్యాంకు! అత్తయ్య రెండో స్థానానికి దిగిపోయింది. "వెంటనే ఇంటికి వెళ్లండి, ఇలాంటి తండ్రిని నేను చూడలేదు" అని మేనేజరు అప్పటికప్పుడు సెలవిచ్చి పంపించింది.

కేకు కొనుక్కుని ఇంటికి పరిగెత్తాను. తాళం తీసి లోపలికి వెళ్తే ఎవరూ లేరు. వెనకవైపు నుంచి చప్పుడు వస్తోంది. వెళ్లి చూశాను. వాషింగ్ మెషిన్ గిర్రున తిరుగుతోంది. దాని నడుముకి బెల్టు!

అంతలో మా ఆవిడ వచ్చి చెప్పులు విడిచింది.

"ఇదేంటి?" అన్నాను.

"దుప్పట్లు" అంది.

తర్వాత తనే కుర్చీలో కూలబడి చెప్పింది. "బెల్టు కాసేపు కదలకపోతే మీ అందరికీ మోగుతుంది కదండీ. పోయినసారి స్కానింగ్‌లో తీసి పక్కన పెడితే మీ అమ్మగారు, మా అమ్మ, తమ్ముడు వరసపెట్టి ఫోన్లు. డాక్టరుగారు కేకలేశారు. అందుకే ఇవాళ దీనికి కట్టి వెళ్లాను."

"గుండె చప్పుడు విన్నావా?"

"విన్నాను. ఎంత స్పీడుగా కొట్టుకుంటోందో! మంచం పక్కన మీకోసం కుర్చీ వేశారు. ఎవరూ రాలేదు కదాని నర్సు నా హ్యాండ్‌బ్యాగ్ అందులో పెట్టింది."

నిజం చెప్పొద్దూ, ఆ హ్యాండ్‌బ్యాగ్ మీద నాకు కడుపుమంట పుట్టింది. నా బిడ్డ గుండె చప్పుడు విన్నది అది. నేను ముద్దు చేసింది దుప్పట్లని!

మా ఆవిడకి ఉన్నట్టుండి నవ్వొచ్చింది. నవ్వుతూనే నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. కాసేపటికి లోపల చిన్నగా ఏదో కదిలి, నా అరచేతిని తోసి, ఆగి, మళ్లీ తోసింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే వెనక మెషిన్ ఆగిపోయింది. జేబులో ఫోన్ కెవ్వుమంది. తీసి చూశాను. "మీ బిడ్డకీ మీకూ సంబంధం తెగిపోయింది" అని ఎర్రటి అక్షరాలు.

అంత పెద్ద కంపెనీతో వాదించడానికి నేనెంతటివాణ్ణి? వాదించలేదు. చెయ్యి మాత్రం తీయలేదు.