ఇరవై ఏడుగురు పెద్దల సమ్మతి

ఒకుమె అడవి మీదుగా ఆరు వరుసల మహారహదారి వేయబోతున్నట్టు సర్కారువారు సగర్వంగా ప్రకటించారు. రోడ్డు కామెరూన్ సరిహద్దు దాకా వెళుతుంది. అక్కడికి వెళ్లి ఏం చేస్తుందన్నది రెండో దశలో నిర్ణయిస్తారు.

పర్యావరణం విషయంలో సర్కారువారిని వేలెత్తి చూపడానికి లేదు. నివేదికే మూడు సంపుటాలు. ఒంటెలు రోడ్డు దాటడానికి అందులో ప్రత్యేకంగా వంతెన కూడా ఉంది. ఏడాదిలో తొమ్మిది నెలలు వాన కురిసే ఒకుమెలో ఒంటెలెక్కడివని గిట్టనివాళ్లు అడిగారు. ఉత్తరాన ఎడారి జిల్లాకు రాసిన నివేదిక ఉండగా మళ్లీ రాయించడం దుబారా కాదా? ఈ అడవిలో ఉన్న గొరిల్లాల ప్రస్తావన నివేదికలో లేదు. కాబట్టి వాటికి ముప్పూ లేదు.

ఇక మిగిలింది దారిలో పడే ఊరి పెద్దల సమ్మతి. కనీసం పాతిక మంది వేలిముద్రలు కావాలి. ఒడమా అనే అధికారి కాగితాలు పట్టుకుని వచ్చేసరికి ఊరంతా తోటల్లో ఉంది. ఊరంతా మామా, అంటే అమ్మా, అని పిలిచే ముసలి మామా న్సాన్ ఒక్కతే ఇంటి ముందు కూర్చుని కూరకు అఫాంగ్ ఆకు సన్నగా తరుగుతోంది.

"మామా, ఈ ఊరి పెద్దలెవరో చెప్తావా?"

"చెప్పడమెందుకు నాయనా, చూపిస్తా పద."

ఊరి వెనక గుండ్రంగా నిలబెట్టిన రాళ్ల దగ్గరకు తీసుకెళ్లింది. నడుమెత్తు రాళ్లు, ఇరవై ఏడు. కళ్లు, గడ్డం, బొడ్డు చెక్కి ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో పాతకాలపు నాయకుడు. కొత్త పెండలం పండగకు ఏటా వాటి ముఖాలకు రంగులద్దేది ఆవిడే. అంతకుముందు వాళ్లమ్మ. రోడ్డు నడిమి గీత సరిగ్గా వాటి మీదుగా పోతోందని ఒడమాకు తెలుసు. ఆవిడకు తెలియదు.

"ఈయన ఒగార్, మహా కోపిష్టి. ఆ పక్కాయన న్‌జోమ్, కల్లు పోస్తేగానీ మాట వినడు," అంటూ వరుసగా పరిచయం చేసింది. ఒడమా పేర్లన్నీ పొందికగా రాసుకున్నాడు. తన పెద్దల్ని ఇంత మర్యాదగా పలకరించిన సర్కారు మనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కళ్లు చెమర్చాయి.

"రోడ్డు వేస్తే వీళ్లకేమైనా అభ్యంతరమా?"

"నన్నడుగుతావేం? వాళ్లనే అడుగు."

ఒడమా పద్ధతి తప్పే మనిషి కాదు. అడిగాడు. కాసేపు ఆగాడు కూడా. ఆ తర్వాత ఇరవై ఏడు చోట్ల తన బొటనవేలే ఒత్తి, తల వంచి సెలవు తీసుకున్నాడు.

పై నెలలో బడి ఆవరణలో షామియానా వేసి బహిరంగ విచారణ జరిపారు. యువకులకు పచ్చ హెల్మెట్లు పంచారు. వెనక మేకమాంసం ఉడుకుతోంది. అభ్యంతరాలు లేకుండా సభ ముగియగానే వడ్డిస్తామని ముందే చెప్పారు.

మంత్రిగారు పెద్దల పేర్లు ఒక్కొక్కటీ చదివి, కొనియాడారు. "ఇరవై ఏడుగురూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఇలాంటి ఐకమత్యం నేనెక్కడా చూడలేదు. వారసత్వం గురించి బెంగ వద్దు. ఆ పాత రాళ్లను కంకర కొట్టి రోడ్డు కింద పరుస్తాం. మీ పూర్వీకులే ప్రగతికి పునాది అవుతారు. టోల్‌గేటు దగ్గర సిమెంటు బొమ్మలు పెట్టిస్తాం. వాటికి ఏటేటా రంగులద్దే శ్రమ కూడా ఉండదు."

చప్పట్లు మోగాయి. మామా న్సాన్ లేచింది.

"అయ్యా, మీరు చదివిన పేర్లన్నీ ఆ రాళ్లలో ఉన్నోళ్లవే. వాళ్లు ఒప్పుకున్నారని నేననలేదు."

"జాబితాలో మీ పేరు లేదు, మామా," అన్నాడు ఒడమా ఎంతో వినయంగా.

"అయితే వీళ్లనడుగు." ఆవిడ జనం వైపు తిరిగింది. "ఒరేయ్ టకోన్, నీ కొడుక్కి ఎవరి ముందు పేరు పెట్టావురా? అమ్మాయ్ అలోబీ, కానుపు కష్టమైతే ఎవరి కాళ్ల మీద పడ్డావే? చెప్పండర్రా. ఒక్కరైనా చెప్పండి."

టకోన్ హెల్మెట్ పట్టీ సర్దుకున్నాడు. అలోబీ వంటల వైపు చూసింది. బడిపంతులు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆవిడ ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. సిగ్గుతో తల దించుకుంది ఆవిడే.

ఒడమా జనాన్ని ఒకసారి లెక్కపెట్టుకుని, సమ్మతించినవారి గడిలో ఇరవై ఏడు కొట్టేసి నాలుగు వందల ముప్ఫై అని రాసుకున్నాడు.