ఇంటిపేరు గడి

రకరకాల దేశాల వాళ్ళు లేని సాఫ్ట్‌వేర్ టీమ్ ఒక టీమేనా? నా టీమ్‌ని చూడండి. తొమ్మిది మందిమి, ఆరు దేశాలు. గోడ మీద మా ఫొటో చూస్తే చాలు, కడుపు నిండిపోతుంది!

అందులో మధ్యన నిలబడ్డది, యాప్‌లో తప్పులు పట్టే మా టెస్టరమ్మ. అందరికన్నా దూరం నుంచి వచ్చిన మనిషి కదా, కావాలనే మధ్యన పెట్టాం.

ఆవిడకు ఇంటిపేరు లేదు. వాళ్ళ దేశంలో సగం మందికి ఉండదట. మేం తయారుచేస్తున్నదేమో ఆసుపత్రిలో నంబరు తీసుకునే యాప్. ఇంటిపేరు గడి నింపందే అది ముందుకు కదలదు. ఆ గడి తప్పనిసరి చేయొద్దని ఆవిడ నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ "మీ దృక్పథానికి ధన్యవాదాలు" అని జవాబిచ్చాను. ఇంతకన్నా గౌరవం ఎవరిస్తారు?

విడుదలకు ముందు మీటింగ్‌లో అందరూ తలలూపారు. ఆవిడొక్కతే ఊపలేదు.

"మా నాన్నలాంటి వాళ్ళు ఈ గడిలో ఏం రాయాలండీ?" అంది.

"ఏదో ఒకటి రాస్తారులేమ్మా. మనుషులు సర్దుకుపోతారు" అన్నాను. తర్వాతి వారం ఆవిడను, మర్యాదగా మాట్లాడడమెలాగో నేర్పే రెండు రోజుల శిక్షణకు పంపించాను.

నేనన్నట్టే జనం సర్దుకుపోయారు! కొందరు చుక్క పెట్టారు. కొందరు వీధి పేరు రాశారు. టెస్టరమ్మ దగ్గరే ఉంటున్న ఆవిడ తండ్రికి కంట్లో శుక్లం. కూతురికి శ్రమెందుకని ఆయన పక్కింటాయన చేత నింపించుకున్నాడట. ఇంటిపేరేమిటని అడిగితే "లేదు" అన్నాడు. పక్కింటాయన గడిలో అదే టైపు చేసేశాడు.

ఆపరేషన్ రోజున నర్సు జాబితా చూసి, "లేదు గారు ఉన్నారా?" అని మూడుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు. పెద్దాయన పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా ముందు వరసలోనే కూర్చున్నాడు. పక్కనుండాల్సిన కూతురు ఆ పూట మర్యాద నేర్చుకుంటోంది. సాయంత్రానికి ఎవరో గమనించి, మూడు నెలలాగి రమ్మన్నారు.

మర్నాడు ఆవిడ వచ్చి గుర్తింపు కార్డు నా బల్ల మీద పెట్టింది. గొంతు కూడా పెంచలేదు.

"రెండు రోజులు నేర్పించారు కాబట్టి మర్యాదగానే చెబుతున్నానండీ. రేపటి నుంచి రాను."

చూశారా, శిక్షణ ఎంత బాగా పనిచేసిందో! కిట్టనివాళ్ళు మాత్రం ఇంటిపేరు కస్తూరివారని ఏదో గొణిగారు. గడి తర్వాత మేమే తీసేశాం. నా చొరవేనని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

ఆవిడ స్థానంలో ఇప్పుడు కొత్తాయన వచ్చాడు. దేశం వేరు, భాష వేరు, తిండి వేరు. అభిప్రాయం మాత్రం నాదే.